సున్నా పాయింట్ల వదిన

పెద్దాసుపత్రి బట్టల గదిలో పనిచేసే ఆమెను ఆసుపత్రిలో అందరూ వదిన అనే పిలిచేవారు. అసలు అలా పిలవాల్సింది ఒక్కతే, పిల్లల వార్డులో నర్సుగా ఉన్న ఆడపడుచు. కానీ ఆ పిల్ల గొంతు మైకును మించింది. మెట్ల కింద నిలబడి పై అంతస్తుకు వినబడేలా "వదినా!" అని కేకేస్తుంటే విని విని, చివరికి డాక్టర్లకు కూడా అదే నోటికొచ్చేసింది. వదిన పొడుగూ కాదు, పొట్టీ కాదు. భుజాలు మాత్రం తలుపు రెక్కల్లా ఉండేవి. ఇద్దరు పట్టాల్సిన తడి దుప్పట్ల మూటను ఒక్కతే ఎత్తి ఆరబెట్టే మిషన్లో పడేసి, ఏమీ ఎరగనట్టు చేతులు దులుపుకునేది.

ఆ భుజాలను ముందుగా గుర్తించింది అత్తగారు. పెళ్ళికి ముందు కొడుకు ఈ అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చి పరిచయం చేసినప్పుడు, ఆవిడ ముఖం వంక సరిగా చూడనైనా లేదు. "చేతులు రెండూ పక్కకి చాపమ్మా" అంది. అమ్మాయి తెల్లబోయి చాపింది. ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, కొడుకు వైపు చూసి, "ఒరేయ్, పిల్ల బాగుంది. పరిగెడుతుందా?" అంది.

అత్తగారు ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరైన మనిషి. వయసులో ఉండగా బాస్కెట్‌బాల్ కోర్టులో గాలిదుమారం. మోకాలు చెడ్డాక ఆట మానేసి, ఆసుపత్రి ఆడవాళ్ళ జట్టుకు కోచ్ అయింది. జట్టంటే ఎంతమంది? బట్టల గది నుంచి ఒకరు, వంటగది నుంచి ఒకరు, లాబ్ నుంచి ఒకరు, చీటీల కౌంటరు నుంచి ఒకరు, వీళ్ళందరికీ ప్రాణం లాంటిది పిల్లల వార్డు నర్సు, ఆవిడ సొంత కూతురు. చిన్న ప్రాణం, కాలు నేల మీద నిలవదు, అందుకని పిచ్చుక అని పేరు. అంబులెన్సులు ఆగే జాగా వెనక ఒక పాత కోర్టు ఉండేది. సాయంత్రం డ్యూటీలు దిగగానే అందరూ అక్కడికి చేరేవారు.

వదిన కొత్త కోడలిగా వచ్చేదాకా బంతి పట్టి ఎరగదు. మొదటి నెలల్లో ఆమె రింగు వైపు విసిరిన బంతి రింగును తప్ప అన్నిటినీ పలకరించి వచ్చేది. ఒకసారి వెళ్ళి అంబులెన్సు పైకప్పు మీద ధనాలున పడింది. లోపల కునుకు తీస్తున్న డ్రైవరు ఉలిక్కిపడి లేచి, ఎవరికో ఏదో అయిందనుకుని సైరన్ వేసుకుని గేటు దాకా వెళ్ళిపోయాడు. ఆ రోజు అత్తగారు తల పట్టుకుని, "ఇక నువ్వు వెయ్యకు తల్లీ. వేసేవాళ్ళని ఆపు, చాలు" అంది.

కోపంతో అన్నమాటే. కానీ వదినకు అది వరమైంది. ఎదుటి మనిషి ముందు మోకాళ్ళు వంచి, చేతులు చాపి నిలబడితే ఆమెలో ఎక్కడలేని హుషారూ పుట్టుకొచ్చేది. ఎదుటివాళ్ళ కళ్ళు అబద్ధాలాడతాయి, చేతులు అబద్ధాలాడతాయి, నడుం మాత్రం నిజం చెప్పేస్తుందని తనంతట తనే కనిపెట్టింది. నడుం ఎటు తిరిగితే మనిషి అటే పోతుంది. ఇక ఆ నడుం వంకే చూస్తూ అడుగు ముందుగానే వేసి, వాళ్ళు వచ్చేసరికి అక్కడ నవ్వుతూ ఉండేది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేది బంతి రింగులో పడినప్పుడే కదా. పడకుండా ఆపినందుకు ఎవరూ కొట్టరు. వదినకు ఆ లోటు తెలిసేది కాదు. తను కాసే మనిషి విసుగొచ్చి బంతి వెనక్కిచ్చేసిందంటే చాలు, ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేది.

ఇంట్లో యుద్ధం మాత్రం అన్నం దగ్గరే జరిగేది.

"నాలుగు వేస్తాం, మూడు వేయించుకుంటాం. గెలుపెవరిది? మనదే" అనేది అత్తగారు. ఆవిడ మతం అటాక్. బంతి దొరికిందా, ముందుకి పరిగెత్తు. డిఫెన్స్ అంటారా, ఒక్కొక్కరు ఒక్కొక్క మనిషిని పట్టుకుని వెంటాడాలి, అంతే.

"ఆ మూడూ వేయించుకోవడం దేనికత్తయ్యా? ఒకటితో సరిపెడితే పోదా?" అనేది వదిన. "జోన్ వేద్దాం. మనిషి వెంట పడటం కాదు, ఎవరి చోటు వాళ్ళు కాద్దాం. ముందు ఇద్దరు, రింగు దగ్గర ముగ్గురు."

అంటూనే ఉప్పు డబ్బా, రెండు గ్లాసులు, రెండు చెంచాలు బల్ల మీద సర్దేది. అత్తగారు తన చెంచాలతో దాడికి దిగేది. భర్త బస్సు డిపోలో మెకానిక్. పాపం ఆకలి మీద ఉండి ఒక చెంచా తీసుకోబోతే, "ఒరేయ్, ముట్టుకోకు! అది ఇప్పుడు కుడి పక్కనుంచి దూరుతోంది" అని తల్లి కసిరేది.

"మరి నేను దేంతో తినాలమ్మా?"

"చేతులున్నాయిగా, తిను."

చివరికి అత్తగారు అన్ని చెంచాలూ ఒక్క తోపు తోసి, "జోనంట జోను! గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుని దొంగ వస్తాడేమోనని చూడ్డం. నా జట్టులో ఆ బద్ధకం కుదరదు" అని లేచిపోయేది. పిచ్చుక ఇద్దరి మధ్యా పడి పడి నవ్వేది. అమ్మ చెప్పినా, వదిన చెప్పినా, చివరికి బంతి వెయ్యాల్సింది తనేనని ఆ పిల్ల ధీమా.

ఆ ఏడు ఆఫీసుల మధ్య పోటీల్లో ఆసుపత్రి జట్టు ఫైనల్‌కు వచ్చింది. ఎదుట కరెంటాఫీసు జట్టు. వాళ్ళలో ఒకమ్మాయి ఉంది, మీటర్ల విభాగంలో పని. మనిషి ఎంత పొడుగంటే, కరెంటాఫీసే కదా అని ఊరంతా స్తంభం అనేవారు. ఆ పిల్ల కూడా నవ్వి ఊరుకునేది. మెత్తటి మనిషి. కోర్టులోకి దిగితే మాత్రం ఆ మెత్తదనం బయటే వదిలేసి వచ్చేది.

కాలేజీ మైదానంలో మ్యాచ్. సాయంకాలపు ఎండ కోర్టు మీద ఏటవాలుగా పడుతోంది. మెట్ల మీద ఒకవైపు తెల్ల కోట్లు, నర్సుల యూనిఫారాలు, కట్లు కట్టించుకున్న పేషెంట్లు కొందరు. ఇంకోవైపు కరెంటాఫీసు జనం డప్పులతో దిగారు. విజిల్ పడింది.

పిచ్చుక మొదటి బంతికే కరెంటాఫీసు వాళ్ళకి చుక్కలు చూపించింది. ఎడమ పక్కకు ఊగి, కుడి పక్కనుంచి దూరి, వేసేసింది. మెట్లు దద్దరిల్లాయి. అత్తగారు గాల్లోకి పిడికిలి విసిరింది. కానీ ఆ అరుపు ఆగకముందే కరెంటాఫీసు వాళ్ళు ఇటు బంతి తెచ్చి స్తంభానికి పైనుంచి అందించారు. స్తంభాన్ని పట్టుకున్నది వదినే. పట్టుకుని ఏం లాభం? ఆమె ఎగిరినా వేళ్ళు ఆ పిల్ల మోచేతి దాకానే అందుతున్నాయి. స్తంభం అటక మీద డబ్బా సర్దినంత తేలిగ్గా బంతిని రింగులో పెట్టి వెళ్ళిపోయింది.

అదే వరస. పిచ్చుక రెండు వేస్తే స్తంభం మూడు. వదినకు ఒళ్ళు మండిపోతోంది. మనిషికి మనిషి పద్ధతి కదా, స్తంభం ఎటు వెళితే అటు వెళ్ళాలి. వాళ్ళు తెలివిగా ఆ పిల్లను బయటికి పంపేవారు, వెంట వదిన వెళ్ళేది, ఖాళీ అయిన రింగు కిందికి ఇంకొకరు దూరి వేసేవారు. విరామం వచ్చేసరికి ఆసుపత్రి పదకొండు పాయింట్లు వెనకపడింది.

బెంచీ చుట్టూ అందరూ కూలబడ్డారు. అత్తగారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

"వేగం చాల్లేదు. ఇంకా పరిగెత్తండి!"

"పరుగా అమ్మగారూ?" వంటగది ఆవిడ రొప్పుతూ అంది. "నా కాళ్ళు నా మాట వినడం మానేసి చాలాసేపైంది."

వదిన మొహం తుడుచుకుని లేచింది. "అత్తయ్యా, జోన్ వేద్దాం."

అందరూ ఒక్కసారి బూట్ల లేసులు సర్దుకోవడంలో మునిగిపోయారు. అత్తాకోడళ్ళ మధ్య దూరే ధైర్యం ఎవరికుంది?

"ఇక్కడ కూడా మొదలెట్టావా?"

"మొదలెట్టకపోతే మనం ఇంటికి పోవడమే. మనిషి వెనక పడి మనం తిరుగుతున్నాం, వాళ్ళు తిప్పుతున్నారు. చోటు కాస్తే వాళ్ళే మన దగ్గరికి రావాలి. స్తంభానికి ముందు నేనుంటా, వెనక వంటక్క ఉంటుంది. పైనుంచి ఇచ్చినా కింద పెట్టనివ్వం."

"బయటినుంచి వేసేస్తారు కదే!"

"వేసుకోనివ్వండి. అంత దూరం నుంచి ఎన్ని పడతాయి? పడనిది మన చేతికొస్తుంది. మన చేతికొచ్చేసరికి పిచ్చుక ముందు వరసలో ఖాళీగా, ఊపిరి మిగిలి ఉంటుంది. వాళ్ళు వెనక్కి తిరిగేలోపు అది పరిగెత్తొచ్చు."

అత్తగారు ఆగిపోయింది. ఇంత సేపట్లో ఆవిడ చెవికెక్కింది ఆ ఒక్క మాటే. "పరిగెత్తొచ్చా?"

"పరిగెత్తాలి అత్తయ్యా."

ఆవిడ కూతురి వంక చూసింది, కోడలి వంక చూసింది, స్కోరు బోర్డు వంక చూసింది. "సరే, కానీ. మునిగాక చలేమిటి" అంది.

రెండో సగం మొదలైంది. కరెంటాఫీసు వాళ్ళు హుషారుగా బంతి తెచ్చి, ఎదురుగా చూసి తికమకపడ్డారు. తమ వెంట ఎవరూ రావడం లేదు. ముందు పిచ్చుక, చీటీల పిల్ల. వెనక లాబ్ అమ్మాయి, వదిన, వంటక్క. బంతి ఎటు కదిలితే అయిదుగురూ ఒకే తాడుకు కట్టినట్టు అటు జరుగుతున్నారు. స్తంభం చెయ్యెత్తింది. ముందు వదిన భుజాలు, వెనక వంటక్క. బంతి ఇవ్వడానికి సందు లేదు. అటిచ్చి, ఇటిచ్చి, విసిగి, బయటినుంచి ఒకావిడ విసిరింది. బంతి రింగు అంచుకు తగిలి పైకెగిరింది.

వదిన దాన్ని రెండు చేతులా లాక్కుంది. "పిచ్చుకా!"

పిచ్చుక అప్పటికే సగం కోర్టు దాటేసింది. వదిన రింగుకు గురిపెట్టలేదు గానీ, మనిషి చేతికి బంతి అందించమంటే దారం లాగినట్టు విసురుతుంది. బంతి వెళ్ళి ఆ పిల్ల చేతిలో వాలింది. ముందు ఎవరూ లేరు. వేసేసింది!

మళ్ళీ అదే. ఆపు, లాక్కో, విసురు, పరిగెత్తు. ఇంకోసారి. మరోసారి! తెల్ల కోట్లు మెట్లెక్కి గంతులేస్తున్నాయి. చెయ్యి విరిగి కట్టుతో వచ్చిన ఒక ముసలాయన ఒంటి చేత్తో తొడ చరుస్తున్నాడు. అత్తగారు సైడు గీత వెంట ఊగిపోతూ, "జరగండి! జరగండి! చోటు వదలకండి!" అని అరుస్తోంది. జోన్ పుట్టించింది తనేనన్నంత ధీమా ఆ గొంతులో. వదినకు నవ్వాగలేదు. పదకొండు తొమ్మిదైంది, ఆరైంది, చూస్తుండగానే రెండైంది.

అవతలివాళ్ళు మాత్రం చేతులు ముడుచుక్కూర్చుంటారా? చివరి భాగంలో స్తంభాన్ని రింగు దగ్గర్నుంచి తీసి జోన్‌కు సరిగ్గా నడిమధ్యన, ముందు ఇద్దరికీ వెనక ముగ్గురికీ నడుమ నిలబెట్టారు. అక్కడ ఎవరి కాపలా? ముందువాళ్ళు వెనకవాళ్ళదనుకున్నారు, వెనకవాళ్ళు ముందువాళ్ళదనుకున్నారు. స్తంభం అక్కడ బంతి అందుకుని తిరిగి, మూలనున్న మనిషికి అందించింది. వాళ్ళు వేశారు. మళ్ళీ వేశారు. డప్పులు మోగాయి.

"టైమ్!" అత్తగారు అరిచింది.

ఈసారి ఆవిడ కళ్ళల్లో వేరే వెలుగుంది. "ఆపడం నీ పని, నువ్వు చూసుకో. వెయ్యడం నాకు తెలుసు, నా మాట విను. అమ్మాయ్, నువ్వెళ్ళి పిచ్చుకను కాసే మనిషికి అడ్డంగా స్క్రీన్ పెట్టు. గోడలా నిలబడు. ఇది నీ భుజం రాసుకుంటూ పోతుంది. స్తంభం దీని మీదికొస్తుంది, రాక తప్పదు. అప్పుడు నువ్వు గభాల్న తిరిగి రింగు వైపు జారుకో. నిన్నెవరూ పట్టుకోరు."

"ఎందుకు పట్టుకోరు?"

"నీకు వెయ్యడం రాదని ఊరందరికీ తెలుసు కాబట్టి." ఆవిడ మొహమాటపడలేదు. "బంతి నీకొస్తుంది. వాళ్ళు కంగారుపడి నీవైపు తిరుగుతారు. నువ్వు వెయ్యకు! నీ పుణ్యముంటుంది, వెయ్యకు. మళ్ళీ దానికే ఇచ్చెయ్."

వదిన పకపకా నవ్వేసింది. ఎందుకో ఆ క్షణంలో అత్తగారి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

పోయిన పాయింట్లు ఒక్కొక్కటే రాబట్టుకుంటూ ఆట ఆఖరు నిమిషానికొచ్చింది. ఆసుపత్రి ఒక్క పాయింటు వెనక. పిచ్చుక బంతి తట్టుకుంటూ వస్తోంది. వదిన వెళ్ళి నిలబడింది. పిచ్చుకను కాసే పిల్ల ఆ భుజానికి గుద్దుకుని ఆగిపోయింది. పిచ్చుక రివ్వున అవతలికొచ్చింది. స్తంభం చేతులెత్తి మీదికొచ్చింది. వదిన గిర్రున తిరిగి రింగు కిందికి జారింది. నిజమే, చుట్టూ ఎవరూ లేరు! స్తంభం చంక కిందనుంచి బంతి వచ్చి చేతిలో పడింది. రింగు నెత్తిమీదే ఉంది. మెట్ల మీదనుంచి వెయ్యి గొంతులు, "వెయ్యి వదినా!" అన్నాయి. ఇద్దరు కరెంటాఫీసు వాళ్ళు తనవైపు ఉరికొస్తున్నారు. వదినకు ఒక్క లిప్తపాటు ఆశ పుట్టింది. అంతలోనే అటు దూసుకొచ్చే పిచ్చుక కనబడింది. బంతిని నేలకు కొట్టి అందించింది. పిచ్చుక అందుకుంటూనే ఎగిరింది.

పడింది! ఒక్క పాయింటు ముందు!

సంబరపడే వ్యవధి లేదు. కరెంటాఫీసు వాళ్ళు విసురుగా బంతి తెచ్చేశారు. పక్కనుంచి నడిమధ్యకు, స్తంభం చేతికి. వదిన రింగు ముందు తన చోట ఉంది. ఆ పిల్ల వీపు ఇటుంది. తల కుడివైపు తిరిగింది, భుజం కుడివైపు ఊగింది. నడుం ఎడమ చెప్పింది. వదిన రెండంగల్లో వెళ్ళి ఎడమ దారిలో పాదాలు పాతేసింది. చేతులు గుండెలకు హత్తుకుంది. ఆ పొడుగు మనిషి సుడిగాలిలా తిరిగి, బంతెత్తుతూ అడుగేసింది.

ధన్! వదిన ఛాతీ మీద పిడుగు పడ్డట్టయింది. వెల్లకిలా పడి కోర్టు మీద జారిపోయింది. విజిల్ మోగింది. ఆ తర్వాతే స్తంభం చేతినుంచి బంతి విడివడి, రింగు చుట్టూ ఒక తిరుగు తిరిగి, లోపల పడింది.

డప్పులు హోరెత్తాయి. కరెంటాఫీసు జనం కోర్టు మీదికి వచ్చేశారు. వదిన ఊపిరాడక, నేల మీదే పడుకుని, తలకిందులుగా కనబడుతున్న రిఫరీని చూసింది. ఫౌల్ ఎవరిది? కదలకుండా నిలబడ్డ మనిషిని గుద్దితే గుద్దినవాళ్ళది. కదులుతుంటే తనది. తను నిలబడింది. నిలబడింది కదూ?

రిఫరీ చేతులడ్డంగా ఊపాడు. ఆ పాయింట్లు చెల్లవు. పిడికిలి బిగించి అవతలి రింగు వైపు చూపించాడు. ఫౌల్ స్తంభానిది. బంతి ఆసుపత్రిది.

తర్వాతి కేకలు వదినకు సరిగా వినబడలేదు. ఒక పొడుగు చెయ్యి కిందికి వచ్చింది.

"దెబ్బ తగిలిందా అక్కా?" స్తంభం వంగి అడుగుతోంది. ఏడుపు ఆపుకుంటోంది, అయినా అడుగుతోంది.

"తగలక? ఇంత మనిషివి!"

"మీరక్కడికి ఎప్పుడొచ్చారసలు?"

"నువ్వు తిరగడానికి ముందే." వదిన ఆ చెయ్యి పట్టుకుని లేచింది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. మెట్ల మీద అంతమంది డాక్టర్లుండి, ఒక్కరికీ ఆ ఆనందంలో దూది తేవాలని తోచలేదు.

మిగిలిన క్షణాలు పిచ్చుక బంతి పట్టుకుని పరిగెత్తడంతోనే అయిపోయాయి. అత్తగారు చెడ్డ మోకాలు సంగతే మరిచిపోయి కోర్టులోకి ఉరికింది. కూతురు చేతులు చాపి ఎదురొస్తే, "నువ్వుండవే" అని పక్కకు తప్పించి, కోడల్ని వాటేసుకుంది. వాటేసుకున్న మనిషి వదలదు.

పేపరతను వచ్చి ఎక్కువ పాయింట్లు ఎవరివని అడిగాడు.

"వేసినవాళ్ళ సంగతి బోర్డు మీదుంది, చూసి రాసుకో. బోర్డు మీద లేని సంగతి నేను చెప్తా, ఇలా కూర్చో" అంది అత్తగారు. పాపం అతను చీకటిపడేదాకా కూర్చున్నాడు.

మర్నాడు వదిన మోచేతికి కట్టుతో బట్టల గదికి వెళితే, వార్డుబాయిల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా ఒక్కొక్కరూ ఏదో ఒక వంకతో ఆ గదికొచ్చారు. దుప్పట్లు కావాలని కొందరు, ఇచ్చిన దుప్పట్లు వద్దని కొందరు. అందరికీ ఆ పడటం గురించే కావాలి. మధ్యాహ్నానికి వదిన మూడు మూటల మధ్య నిలబడి, ఎలా పడిందో పడి చూపించాల్సొచ్చింది.

పది రోజులకు పక్క జిల్లాతో ఆడేందుకు అన్ని ఆఫీసుల ఉమ్మడి జట్టును ప్రకటించారు. పిచ్చుక పేరుంది, స్తంభం పేరుంది. కింద వదిన పేరుంది. ఫైనల్లో ఒక్క పాయింటు కూడా వెయ్యని మనిషిని జట్టులోకి తీసుకోవడం ఆ పోటీల్లో ఎవరూ ఎరగరు. పిచ్చుక ఆ కబురు తీసుకుని మెట్ల కింద నిలబడి "వదినా!" అని అరిచిన అరుపుకు ఆపరేషన్ గది వాళ్ళు బయటికొచ్చి తిట్టారు.

ఉమ్మడి జట్టు మొదటి మ్యాచ్‌లో రింగు ముందు వదిన, స్తంభం పక్కపక్కన నిలబడ్డారు. ఒకరు అడ్డం, ఒకరు నిలువు. పక్క జిల్లా నుంచి మంచి దూకుడు మీద ఒకమ్మాయి బంతి తట్టుకుంటూ వచ్చింది. వచ్చి ఆగింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, పైకి చూసింది. బంతి వెనకనున్న పిల్లకు ఇచ్చేసింది. ఆ పిల్ల కూడా ఒకసారి ఇటు చూసి, ఇంకా వెనక్కి ఇచ్చింది.

"రండమ్మా, రండి! మొహమాటపడకండి!" అంది వదిన. స్తంభానికి నవ్వాగలేదు.